మడత తప్పిన ఆషాఢం

నేను మొదటి మాటలోనే నిజం చెప్పడం అరుదు. ఇందులో దాచుకోవలసిందేమీ లేదు, మా వీధిలో అందరూ అంతే. చిక్కపేటలో చీరల అంగడి మీద మేడలో పుట్టి, చౌకాసి వింటూ పడుకుని, చౌకాసి వింటూ నిద్ర లేచినదాన్ని. చౌకాసి అంటే బేరమాడటం. కన్నడం నుంచి మా ఇళ్ళలోకి వచ్చి మళ్ళీ వెనక్కి వెళ్ళని మాటల్లో అదొకటి. బడిలో టీచరమ్మ "ఎన్ని లెక్కలు చేసుకొచ్చినావు?" అని అడిగితే "ఇరవై" అనేదాన్ని. "ఏదీ, పుస్తకం తీయి" అంటే "పన్నెండు మిస్" అనేదాన్ని. పుస్తకం ఆమె చేతికి అందేలోగా బేరం ఎనిమిది దగ్గర తెగేది.

ఇంట్లో ఆకలి సంగతీ అంతే. మూడు దోసెలు కావాలంటే ఐదు అడగాలి. ఐదు అడిగితే అమ్మ మూడు వేసేది. ఒకసారి మైసూరులో చుట్టాలింటికి వెళ్ళినప్పుడు అలవాటు కొద్దీ ఐదు అడిగాను. ఆ మహాతల్లి ఐదూ వేసింది. నాలుగో దోసె సగంలో నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. అడిగినంతా ఇచ్చేసే మనుషుల మధ్య మాబోటివాళ్ళు బతకలేరని ఆ రోజే తెలిసింది.

ఈ బుద్ధి వల్ల నేను నిజంగా పోగొట్టుకున్నది ఒక నెల. ఆ నెల గురించే ఇప్పుడు రాస్తున్నాను. దాని గురించి చెప్పాలంటే ముందు నాయన గురించి చెప్పాలి.

తొంభైల్లో మా వీధిలో రెండు తోపుడుబళ్ళు ఎదురుపడితే చాలు, పావుగంట నాటకం నడిచేది. "సైడప్పా, సైడు!" అని హమాలీలు అరుస్తుంటే, లోపల తెల్ల గుడ్డ పరిచిన పరుపు మీద నాయన ఏమీ విననట్టు కూర్చునేవాడు. కొనడానికి వచ్చినవాళ్ళు చెప్పులు బయట విడిచి, పరుపు మీద ఆయనకెదురుగా మఠం వేసుకుని కూర్చోవాలి. కాఫీకి చెప్పాలి. ఒక కాఫీ తెప్పించి రెండు గ్లాసుల్లో సగం సగం పోసుకునే బై టూ. అది వచ్చి, నురగ తగ్గి, మొదటి గుక్క లోపలికి పోయేదాకా ధర మాట ఎత్తకూడదు. బై టూ రాకముందే ధర అడిగినవాణ్ణి నాయన కొత్తవాడి కింద జమకట్టేవాడు.

"మొదటి మాటకే సరే అనగూడదు పాపా" అనేవాడు నాతో. "నువ్వు సరే అంటే వానికి సంతోషం అనుకుంటావేమో. కాదు. అయ్యో, ఇంకా తగ్గించి అడిగుంటే ఇచ్చేదేమో అని ఇంటికి పోయేదాకా ఏడుస్తాడు. కొనేటోనికి ఆ ఏడుపు మనం ఇయ్యగూడదు."

నేను ఒక్కతే సంతానం. సాయంకాలం కాలేజీలో బీకాం చదువుతూ, పగలంతా అంగట్లో కూర్చునేదాన్ని. మా మామ, అంటే అమ్మ తమ్ముడు, రెండు సందుల అవతల ఇనుప సామాన్ల అంగడి నడిపేవాడు. ఆడపిల్లను పరుపు మీద కూర్చోబెట్టడం ఆయనకు మొదటి నుంచీ ఇష్టం లేదు. "గొంతు చూడు దానిది, మైకు అక్కర్లే" అనేవాడు. ఆ మాటలో అబద్ధం లేదు.

నాయన దగ్గర నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆయన మడత. ధర్మవరం నుంచి, హిందూపురం నుంచి చీరలు ముందు మా మేడ మీదికే వచ్చేవి. ఆదివారం పొద్దున నాయన, అమ్మ చాప పరుచుకుని వాటిని మళ్ళీ మడిచేవాళ్ళు. అమ్మ ఒక కొస పట్టుకునేది. నాయన అంచు మీద అంచు దారం వాసి తేడా రాకుండా కలిపి, కొంగు పైకి కనబడేలా తిప్పి, అరచేత్తో ఫట్‌మని ఒక దెబ్బ వేసేవాడు. ఆ ఫట్ ఫట్ చప్పుడే ఆదివారాలు నాకు మెలకువ. హొసకోటె నుంచి ఇరవై ఏళ్ళుగా మా దగ్గర కొనే పెద్దాయన ఒకరు ఉండేవారు. ఏ ఊళ్ళో, ఎవరి అంగట్లో ఉన్నా సరే, మడత చూసి మా చీరను పోల్చుకోగలనని పందెం కాసేవారు.

ఆ ఆదివారాల నుంచే నేను ఇంకో సంగతి నేర్చుకున్నాను. మరక ఉన్నదీ, పోగు లేచినదీ కనబడితే నాయన మాట్లాడకుండా పక్కకి పెట్టేవాడు. అమ్మ దాన్ని పాత పేపర్లో చుట్టి అటకెక్కించేది. దాని గురించి ఇద్దరూ ఒక్క మాట అనేవాళ్ళు కాదు. ఇంటి సరుకులో లోపం ఉందని ఇంట్లో కూడా పైకి అనకూడదు. గోడలకి చెవులుంటాయి, పక్కన కూడా చీరల అంగడే.

రెండు వేల సంవత్సరం దాటాక ఒకటి రెండేళ్ళకి, దసరాకి పది రోజుల ముందు, హొసకోటె పెద్దాయన సరుకు కోసం వచ్చారు. పట్టుచీరల కట్ట ఒకటి చూసి, ఆనవాయితీ ప్రకారం, ఎవరూ ఒప్పుకోని ధర ఒకటి చెప్పారు. అది అడగడం కాదు, గొంతు సవరించుకోవడం లాంటిది. దానికి నాయన నవ్వాలి, "ఏమన్నా, పొద్దున్నే తమాషానా?" అనాలి. కానీ నాయన "సరే" అన్నాడు.

పెద్దాయన ముఖంలో రక్తం లేదు. బై టూ ఇంకా రానే లేదు.

మర్నాడు ఇంకో ఇద్దరికి అలాగే "సరే" అన్నాడు. మూడోసారి నాకు ఒళ్ళు మండింది. పరుపు మీద ఆరుగురు ఉన్నారు, బయట హమాలీలు ఉన్నారు. "బుద్ధి ఉండాదా నాయనా నీకు? అంగడి మూసుకుని పోదామా? ఊరికే పంచిపెట్టేస్తావా అందరికీ?" అని మామ చెప్పిన ఆ గొంతుతో అరిచాను. నాయన నన్ను, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు, కాసేపు చూశాడు. "సరేలే పాపా" అన్నాడు.

ఆ తరువాతి పొద్దున ఆయన మెట్లు దిగలేకపోయాడు. మొదటి మెట్టు మీద నిలబడి, రెండోది ఎక్కడుందో కాలితో వెతుకుతున్నాడు.

వారం తిరక్కుండా మామ వీధంతా ఒకే మాట చెప్పాడు. "నలుగురిలో కూతురు అరిచింది, మనిషి మతి చెడిపోయింది." మా వీధిలో మాటకి తోపుడుబండి అక్కర్లేదు, దానంతట అదే అన్ని అంగళ్ళూ తిరిగి వస్తుంది. మామ మాట నాకు లెక్క లేదు. కానీ అమ్మ ఆ రోజు నుంచి నన్ను "తిన్నావా?" అని అడగడం మానేసింది. పళ్ళెం పెట్టేది, పక్కకి వెళ్ళేది. నన్ను తప్పుపట్టలేదు, కాదనీ అనలేదు. అరిచింది నేను. ఆయన మెట్లు దిగలేకపోయింది మర్నాడు. మధ్యలో ఒక్క రాత్రే ఉంది. ఆ రాత్రిని ఎటు తిప్పి చూసినా నాకు దారి కనబడలేదు.

మూడు వారాలు చూసి, మా కుటుంబ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. "ఎన్నాళ్ళుగా ఇట్ల ఉండారు?" అని అడిగాడు.

"ఏడాదిగా, డాక్టర్" అన్నాను.

ఎందుకలా అన్నానంటే ఏం చెప్పను! మూడు వారాలంటే తేలిగ్గా తీసుకుంటాడు. ఏడాది అంటే ఆయన మనసులో ఆరు నెలలకి తగ్గించుకుని శ్రద్ధగా చూస్తాడు. నాకు తెలిసిన లోకంలో చెప్పిన అంకెను చెప్పినట్టు తీసుకునేవాళ్ళు లేరు. ఆ డాక్టరు మైసూరు చుట్టాల రకం. ఏడాదీ ఏడాదిగానే తీసుకున్నాడు. ఏడాదిగా మెల్లమెల్లగా వస్తున్నదంటే వయసుతో వచ్చే మతిమరుపే అయి ఉంటుందని, బిళ్ళలు రాసి, మూడు నెలలాగి రమ్మన్నాడు.

మూడు నెలలు ఆగేలా లేదు జబ్బు. నెల తిరిగేసరికి నాయన చొక్కా బొత్తాలు మరిచిపోయాడు, గ్లాసు పట్టుకోవడం మరిచిపోయాడు. కింద ఎవరైనా గుడ్డ చింపితే ఆ పర్రుమనే చప్పుడుకి మేడ మీద ఒళ్ళంతా ఉలిక్కిపడేవాడు. పుట్టినప్పటి నుంచీ విన్న చప్పుడు అది. డాక్టరు ఈసారి ఒక ఉత్తరం రాసిచ్చి నగరంలోని మెదడు జబ్బుల పెద్ద ఆసుపత్రికి పంపాడు. ఉత్తరంలో "ఏడాదిగా" అన్న ముక్క అలాగే ఉంది. వార్డులో అడిగినప్పుడు నేను దాన్ని "ఆరు నెలలు" చేశాను. ఆరు నెలలంటే నేను అరిచినదానికి ముందు కదా. అదీ నా తెలివి.

అక్కడ నాయన తలకి తీగలు అంటించి కాగితం మీద గీతలు తీశారు. పొడుగాటి కాగితం నిండా ఒకే దూరంలో కోసుగా లేచిన గీతలు. అమ్మ వంగి చూసి, "గుడి అంచు మాదిరి ఉండాదే" అంది నెమ్మదిగా. నిజమే, కంచిపట్టు మీద గోపురాల అంచు నేసినట్టే ఉంది. కాగితం పట్టుకున్న డాక్టరు మాత్రం ఆ నేత చూసి సంతోషించలేదు.

మమ్మల్ని కూర్చోబెట్టి, కన్నడంలో, తొందర లేకుండా చెప్పాడు. సీజేడీ అంటారు. చాలా అరుదు. మెదడు వేగంగా పాడవుతుంది. మందు లేదు. ఇంకో కొన్ని నెలలు.

"మూడు నాలుగు నెలలా డాక్టర్?" అన్నాను. "ఏడాది అనండి డాక్టర్."

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "నా చేతిలో ఉంటే నువ్వు అడిగినదాని కంటే ఎక్కువే ఇచ్చేవాణ్ణమ్మా" అన్నాడు. నా బేరాలన్నిటిలో అంత మర్యాదగా నన్ను పంపేసినవాడు ఇంకొకడు లేడు.

మర్నాడు మమ్మల్ని నడవా చివర ఒక గదికి పంపారు. ఈ జబ్బు దేశంలో ఎక్కడ ఏ డాక్టరుకి కనబడినా రాసి పంపమని ఆ గది నుంచి అన్ని ఊళ్ళకీ ఉత్తరాలు వెళ్ళేవి. వచ్చినవన్నీ అక్కడ ఒక రిజిస్టరులో ఎక్కేవి. విదేశాల్లో ఆవులకి పిచ్చి పట్టే రోగం వచ్చి, అది మనుషులకీ సోకిందని పేపర్లు రాస్తున్న కాలం అది. మన దగ్గర ఉందా, ఎంత ఉంది, ఏ రకం అని చూస్తుండటం ఆ గది పని. గది అంటే ఏదో ఊహించుకున్నాను. చూస్తే మా అంగట్లో పరుపంత లేదు. రెండు ఇనుప బీరువాలు, ఒక ఫోను, అట్టపెట్టెల నిండా కార్డులు. గౌహతి నుంచి, లూధియానా నుంచి, కొచ్చి నుంచి వచ్చిన కవర్లు. మధ్యలో మిట్టమధ్యాహ్నం కూడా స్వెట్టరు విప్పని ఒక నడివయసు ఆవిడ. మేము ఆమెను చివరిదాకా రిజిస్టరు మేడమ్ అనే పిలిచాం. కోలారు వైపు మనిషి, మా తెలుగే మాట్లాడేది.

బల్ల మీద ఒక కార్డు తలకిందులుగా చదివాను. ఎక్కడో దూరపు ఊరి నుంచి ఒక డాక్టరు "ఈ నెల ఎవరూ లేరు" అని ఇంగ్లీషులో ఒక్క ముక్క రాసి పంపాడు.

"లేదని చెప్పేదానికి గూడా స్టాంపు అతికిస్తారా మేడమ్?" అన్నాను. మా అంగట్లో లేదు అనే మాటే లేదు. లేని సరుకైనా "రేపొస్తాది" అంటాం.

"లేదు అనేది గూడా రిపోర్టే" అంది. "ఏమీ రాయకపోతే, లేదా, చూళ్ళేదా అని నాకెట్ల తెలియాల?"

ఫారం తీసి అమ్మను అడగడం మొదలుపెట్టింది. తలకి ఎప్పుడైనా ఆపరేషన్ అయిందా, కంటికి అయిందా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా. అన్నిటికీ అమ్మ లేదు లేదంటూ వచ్చింది. ఆ తరువాత మేడమ్ తల ఎత్తకుండా, "పశువుల మెదడు ఎప్పుడైనా తిన్నారా?" అని అడిగింది.

అమ్మ కుర్చీలోంచి లేచిపోయింది. "ఏమ్మా, మనిషివేనా నువ్వు? మేము శనివారం ఎర్రగడ్డ గూడా ముట్టం!" ఎర్రగడ్డ అంటే మా వైపు ఉల్లిపాయ.

"కూర్చోమ్మా, కోపం చేసుకోవద్దు. అస్సాం అయినా, అనంతపురం అయినా, అందరికీ ఇదే ఫారం." అని ఆ ప్రశ్నకి ఎదురుగా గీత గీసి, "ఎర్రగడ్డకి దీంట్లో గడి లేదు" అంది. అమ్మ కూర్చుంది. చాలా రోజుల తరువాత అమ్మ పెదవి కొస కదలడం చూశాను.

అప్పుడు నా వైపు తిరిగింది. "మొదటి లక్షణం ఎప్పుడు కనబడింది?"

"ఆరు నెలలుగా."

కాగితాలు ఒకదాని పక్కన ఒకటి పరిచింది. "డాక్టర్ లెటర్‌లో ఏడాది అని ఉండాది. ఇక్కడ వార్డులో ఆరు నెలలన్నావు. నిన్న మీ మామ వచ్చి దసరా నించి అన్నాడంట. మూడు రేట్లు చెప్పినారు మీరు. అసలు రేటు ఎంత?"

నా జన్మలో నన్ను అంత సూటిగా పట్టుకున్నవాళ్ళు లేరు. "దసరా నుంచే" అన్నాను. అక్కడితో ఊరుకోవచ్చు కదా! "కానీ మేడమ్, కొంచెం వెనక్కి వేసుకోండి. వినాయక చవితి అని రాయండి. చవితికీ దసరాకీ ఎంత దూరం, ముప్పై నలభై రోజులు. మీకు దాంతో ఏమవుతాది?"

"నీకేమవుతాది?" అంది.

చెప్పాను. "సరే" అన్న సంగతి, అరిచిన సంగతి, మర్నాటి మెట్టు. అమ్మ కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. మేడమ్ పెన్ను కింద పెట్టింది.

"అరిస్తే వచ్చే జబ్బు కాదమ్మా ఇది. అట్లయితే చిక్కపేటలో ఒక్కడన్నా మిగిలుంటాడా?" అంది. నేను నవ్వబోయాను. "అయినా తేదీ మాత్రం మార్చను. యాడో ఇంకొకాయన, ఇంకొకామె, మీ నాయన, అందరివీ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఎట్ల మొదలయింది, ఎన్నాళ్ళకి ముదిరింది అని. రేపు ఇంకో ఊళ్ళో ఇంకో డాక్టరు దీన్ని బిరీన గుర్తు పట్టాల గదా. నువ్వు ఏడాది అన్నందుకే మీ డాక్టరు వేరే దోవ పట్టింది. మూడు వారాలు అనుంటే, ఆ రోజే ఇక్కడికి పంపుతుండె."

పంపినా మందు లేదని నాకు తెలుసు. కానీ ఆ నెల నాయన ఇంకా మాట్లాడుతున్నాడు. తెలిసి ఉంటే ఆ నెలంతా మేడ మీద ఆయన పక్కనే కూర్చునేదాన్ని. దీపావళి బేరాలని నేను కింద అంగట్లో కూర్చున్నాను. నేను పోగొట్టుకున్న నెల అంటే అదే.

అమ్మ కిటికీ మీది నుంచి చూపు తిప్పి అడిగింది. "అరుపు కాదంటావు. తిండి కాదు. మరి యెందుకొచ్చిందమ్మా?"

"యెందుకో ఇంకా ఎవరికీ తెలియదు. మీ ఆయనకి వచ్చిన రకం దానంతట అదే వస్తాది." మేడమ్ బల్ల మీద ఉన్న చేతిరుమాలు తీసి మడిచింది. "మెదడులో ఒక ప్రోటీను ఉంటాది. దానికొక మడత ఉంటాది, ఇట్ల. ఒకటి మడత తప్పుతాది. అది పక్కదాన్ని తాకితే అదీ అదే వంకరలో మడత పడతాది. దాన్నించి ఇంకోటి. అట్ల పోతానే ఉంటాది."

అమ్మ ఆ చేతిరుమాలు వైపే చూస్తూ ఉండిపోయింది. తరువాత చాలా మెల్లగా, ఎవరో వింటారన్నట్టు, "అటక మీద ఉండాయి" అంది.

"ఏముండాయమ్మా?"

"ఆయన మడత తప్పినవి."

మేడమ్ శనివారం మధ్యాహ్నం ఆటోలో వచ్చింది. ఆటోవాడు అడిగినంతా ఇచ్చేసింది. మేడ కిటికీలోంచి చూసి నాకు ప్రాణం ఉసూరుమంది. నాయన గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు, అప్పటికి మాట పోయింది. నేను నిచ్చెన వేసి అటకెక్కి, అమ్మ చూపించిన మూట దించాను. పేపర్లో చుట్టి, పురికొసతో అమ్మ కట్టే రెండు ముళ్ళ కట్టు. చాప పరిచి, మూట తిరగేసి విప్పాం. ఇరవై పైచిలుకు పట్టుచీరలు.

పైన మూడూ నాయన మడతే, దారం వాసి తేడా లేదు. నాలుగోదానికి అంచు వేలెడు పక్కకి జరిగింది. అక్కడి నుంచి ఒక్కొక్కటీ కొంచెం కొంచెంగా వాలుతూ పోయింది. ఒకదానికి కొంగు లోపలికి పోయింది, ఇంకొకదానికి కొసలే కలవలేదు. అడుగున ఉన్న రెండూ తడి తువ్వాలు చుట్టినట్టు ఉండగా చుట్టి ఉన్నాయి.

"వరమహాలక్ష్మి వ్రతం సరుకు" అంది అమ్మ. "ఆషాఢంలో మడిచినాడు. నేను కొస పట్టుకునే ఉండాను. ఇదేమి అంటే, బాగానే ఉండాది గదా అన్నాడు. రెండోసారి అడగలేదు. ఆయన కిందికి పోయినాంక ఆ పొద్దుటి పేపర్లోనే చుట్టి పైన పెట్టేసినా. ఆనాటి నించి మడతలన్నీ నావే."

మేడమ్ చీరలు చూడలేదు, చుట్టిన పేపరు చూసింది. పైన తేదీ ఉంది. ఆషాఢమాసపు ఆదివారం. దసరాకి దాదాపు మూడు నెలల ముందు. "ఈ పేపరు చౌకాసి చెయ్యదు" అని, దాన్ని చూసి ఫారంలో రాసుకుంది.

"ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను. గొంతు పెంచకుండా అడగడం నాకు కొత్త. "ఇన్నాళ్ళు మామ నన్ను అంటాంటే విన్యావు గదా."

"ఇంటి సరుకులో లోపం ఉండాదని ఎవురన్నా చెప్తారా?" అంది అమ్మ. చెప్పి, ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. "చెప్తే నిజమైపోతాదని భయమయిందే. నువ్వు అరిచినందుకే అనుకుంటే, కోపం తగ్గినాంక లేస్తాడు గదా అనుకుంటి."

నేను చవితి అడిగాను, ఆషాఢం ఇచ్చారు. నలభై రోజులు అడిగితే తొంభై వచ్చాయి. మళ్ళీ మైసూరు దోసెలే. అరిచినందుకు జబ్బు రాలేదు, సరే. అంటే నేను అరిచింది మూడు నెలలుగా జబ్బుతో ఉన్న మనిషి మీద. ఆ మూడు నెలలూ ఒకే పరుపు మీద, చేయి చాపితే అందేంత దూరంలో కూర్చుని, ప్రతి చీరలోనూ లేచిన పోగు కనిపెట్టే నేను, ఆయన్ని చూడలేదు.

ఆ మధ్యాహ్నం ముద్దలో గుంట చేసి, అడక్కుండానే నెయ్యి పోసింది అమ్మ. "తిను" అంది. అంతే.

మామకి పేపరు సంగతి చెబితే, "నేనూ అదే అనుకుంటి" అని తన అంగడికి పోయాడు.

తరువాత రిజిస్టరు మేడమ్ పదిహేను రోజులకోసారి అంగడికి ఫోను చేసేది. "ఎట్లుండారు?" అనేది. "ఈ వారం మింగలేకుండా ఉండాడు" అనేదాన్ని. "కళ్ళు తెరుస్తాండాడు గానీ, చూస్తాండాడో లేదో తెలియదు." నేను మొదటి మాటకే నిజం చెప్పింది ఆ ఫోనులోనే. శివరాత్రికి ముందు ఒక పొద్దున నేనే చేశాను. "మేడమ్" అన్నాను. నాయన లేడని చెప్పాలి, మా అంగట్లో లేని ఆ మాట నోటికి రాలేదు. ఆవిడ తొందరపెట్టకుండా, నాకు ఆ మాట దొరికేదాకా అవతల ఉంది.

పోయాక మెదడు పరీక్షకి ఇస్తారా అని అంతకుముందే ఒకసారి అడిగింది. అలా చూస్తేనే పక్కాగా చెప్పగలరట. అమ్మ తల అడ్డంగా ఊపింది. మేడమ్ రెండోసారి అడగలేదు. అందువల్ల రిజిస్టరులో నాయన "బహుశా" అనే వరుసలోనే ఉండిపోయాడు. మా వీధిలో ఎవరైనా రెండోసారి అడుగుతారు. అడిగి ఉంటే అమ్మ ఏమనేదో ఇప్పటికీ అనుకుంటుంటాను.

కొంతకాలానికి అచ్చయిన కాగితం ఒకటి చూపించింది. రాష్ట్రాల పేర్లు, వాటికెదురుగా అంకెలు, పేర్లు లేవు. కర్ణాటక ఎదురుగా ఉన్న అంకె మీద అమ్మ వేలు పెట్టి, "దీంట్లో ఉండాడా?" అని అడిగింది.

"ఉండాడు" అంది మేడమ్.

మళ్ళీ ఆషాఢం వచ్చింది. ఆ చీరల్ని దించమని అమ్మే చెప్పింది. పట్టు ఒకే మడత మీద ఏళ్ళ తరబడి ఉంటే ఆ గీత వెంబడే చీలుతుంది. ఇద్దరం చాప మీద కూర్చుని మళ్ళీ మడిచాం. నేను నాయనలా ఫట్‌మనిపించబోతే చేయి నొప్పెట్టింది. అయినా పాత వంకర గీతలు పూర్తిగా పోలేదు.

హొసకోటె పెద్దాయన వచ్చి, చెప్పులు విడిచి, పరుపు మీద కూర్చున్నారు. ఒక చీర విప్పి గీత వెంబడి వేలు పోనిచ్చారు. "ఏం పాపా ఇది? మీ అంగడి మడత కాదే."

"మా అంగడిదే. నాయన మడిచినవి. ఆఖరివి" అన్నాను.

ఆయన వేలు ఆగిపోయింది. కాసేపు చీర వైపు చూశారు, నాయన కూర్చునే చోటు వైపు చూశారు. తరువాత ఏం చేయాలో తెలియక కాబోలు, అలవాటైన పని చేశారు. ఎవరూ ఒప్పుకోని ధర ఒకటి చెప్పారు.

"సరే" అన్నాను. తగ్గించి ఇవ్వాలని కాదు. ఆ మాట అనడం ఎలా ఉంటుందో ఒకసారి చూడాలనిపించింది.

పెద్దాయన చేయి చీర మీద నుంచి వెనక్కి లాక్కున్నారు. "పాపా, వొళ్ళు బాగుండాదా నీకు?" అన్నారు. ముఖం నిజంగా పాలిపోయింది. "సరే అనాకు తల్లీ. మీ నాయన గూడా ఇట్లే అన్నాడు, అప్పుడు నాకు తెలియలేదు. అడుగు. ఎంతో కొంత ఎక్కువ అడుగు. అడుగమ్మా!"

అప్పుడే బై టూ వచ్చింది. నురగ తగ్గేదాకా ఇద్దరం మాట్లాడలేదు. మొదటి గుక్క తాగి, ఆయన చెప్పినదానికి రెండింతలు చెప్పాను.

"అబ్బబ్బా, రాక్షసి! పీక కోస్తావా?" అని తొడ చరుచుకుని, మఠం సర్దుకుని, దగ్గరికి జరిగారు.